అత్యవసర యాంజియోప్లాస్టీ తర్వాత గుండెకు వచ్చే చిక్కులు: ముప్పును పెంచే కారణాలు

గుండెపోటు వచ్చిన మనిషికి మూసుకుపోయిన కరొనరీ ధమనిని వెంటనే తెరవడానికి చేసే చికిత్సలను అత్యవసర కరొనరీ చికిత్సలు అంటారు. వీటిలో ముఖ్యమైనది ప్రైమరీ యాంజియోప్లాస్టీ. మణికట్టు దగ్గరో తొడ దగ్గరో ధమనిలోంచి సన్నని గొట్టం పంపి, అడ్డంకిని బెలూన్‌తో తెరిచి, అక్కడ స్టెంట్ అమర్చుతారు. గడ్డ కరిగించే ఇంజెక్షన్ పనిచేయనప్పుడు చేసే రెస్క్యూ యాంజియోప్లాస్టీ, అరుదుగా చేయాల్సివచ్చే అత్యవసర బైపాస్ కూడా ఈ కోవలోవే. చికిత్స సవ్యంగా ముగిసినా కొందరిలో గుండె పంపింగ్ పడిపోతుంది, లయ తప్పుతుంది, రక్తపోటు నిలవదు, వేసిన స్టెంట్‌లోనే మళ్ళీ గడ్డ కడుతుంది. ఇలా ఎవరికి ఎక్కువగా జరుగుతుంది, ఎందుకు జరుగుతుంది అన్నది ఈ వ్యాస విషయం.

రోగి బంధువుల మాటల్లో ఇవన్నీ 'స్టెంట్ వేశాక వచ్చిన' సమస్యలు. నిజానికి వీటిలో ఎక్కువ భాగం గుండెపోటు తెచ్చిపెట్టినవే. గుండెపోటు లేకుండా ముందుగా తేదీ పెట్టుకుని చేయించుకునే యాంజియోప్లాస్టీలో ప్రాణనష్టం చాలా అరుదు. అదే వైద్యుడు అదే గొట్టంతో గుండెపోటు నడుస్తుండగా చేస్తే ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. బెలూన్ ఉబ్బేసరికి ఎంత కండరం చచ్చిపోయింది, రోగి ఏ స్థితిలో బల్ల మీదికి చేరాడు అన్నవే తర్వాతి పరిణామాన్ని చాలావరకు నిర్ణయిస్తాయి. గదిలో జరిగే పొరపాట్లు, పరికరాల లోపాలు ఆ తర్వాతి వరుసలోకి వస్తాయి.

నేపథ్యం

1977 సెప్టెంబరు 16న జ్యూరిచ్‌లో ఆండ్రియాస్ గ్రూంట్‌జిగ్ తొలిసారిగా, మెలకువగా ఉన్న మనిషి కరొనరీ ధమనిని బెలూన్‌తో వెడల్పు చేశాడు. అది తీరిగ్గా ఆలోచించి చేసిన చికిత్స. గుండెపోటు మధ్యలో ఆ పని చేయడం అప్పట్లో సాహసం కిందే లెక్క. గడ్డ వల్ల గుండెపోటు వస్తుందా, గుండెపోటు వచ్చాక గడ్డ ఏర్పడుతుందా అన్న వాదన కూడా అప్పటికి తేలలేదు. 1980లో అమెరికాలోని స్పొకేన్‌కు చెందిన మార్కస్ డివుడ్ బృందం దాన్ని తేల్చింది. నొప్పి మొదలైన 4 గంటల్లోపు యాంజియోగ్రామ్ తీసినవారిలో 87 శాతం మందికి ఆ ధమని పూర్తిగా మూసుకుపోయి కనిపించింది. ఆ దశకం తొలినాళ్ళలోనే కాన్సస్ సిటీలో జెఫ్రీ హార్ట్‌జ్లర్ గుండెపోటు రోగులకు నేరుగా బెలూన్ చికిత్స చేయడం మొదలుపెట్టాడు.

2003లో ఎలెన్ కీలీ, జుడిత్ బోరా, సిండీ గ్రైన్స్ 23 పరిశోధనల్లోని 7,739 మంది వివరాలను ఒకచోట చేర్చి చూశారు. తొలి వారాల్లో మరణాలు గడ్డ కరిగించే మందు తీసుకున్నవారిలో 9 శాతం, యాంజియోప్లాస్టీ చేయించుకున్నవారిలో 7 శాతం. యాంజియోప్లాస్టీదే పైచేయి అని ప్రపంచం ఒప్పుకుంది. నూరింట ఏడుగురు అప్పటికీ పోతున్నారన్నది కూడా ఆ లెక్కలోనే ఉంది. ఆ ఏడుగురు ఎవరన్న వెతుకులాట నుంచే ముప్పు కారణాల అధ్యయనం విస్తరించింది.

కాలం

ముప్పు కారణాల్లో మొదట చెప్పాల్సింది ఆలస్యం. 1977లో రైమర్, జెన్నింగ్స్ కుక్కల మీద చేసిన ప్రయోగాలు దీనికి పునాది. ధమనిని 40 నిమిషాలు కట్టి ఉంచితే రక్తం అందని భాగంలో మూడో వంతుకు పైగా కండరం చచ్చిపోయింది. 6 గంటలు కట్టి ఉంచితే సుమారు 70 శాతం పోయింది. చావు గుండె లోపలి పొరలో మొదలై అలలా బయటి పొర వైపు పాకుతుంది. మనిషి గుండెలో ఈ వేగం కాస్త అటూ ఇటుగా ఉంటుంది. పక్క నాళాల నుంచి సన్నని దారులు ముందే ఏర్పడి ఉన్నవారికి కొంత వెసులుబాటు దొరుకుతుంది. మొదటి గంటల్లో పోయేదే ఎక్కువ అన్న సూత్రం మాత్రం మారదు.

నెదర్లాండ్స్‌లోని జ్వోలె ఆసుపత్రిలో ప్రైమరీ యాంజియోప్లాస్టీ చేయించుకున్న 1,791 మందిని గమనించిన జుసెప్పె డి లూకా బృందం, ప్రతి 30 నిమిషాల ఆలస్యానికీ ఏడాదిలోపు మరణించే ముప్పు 7.5 శాతం చొప్పున పెరుగుతోందని 2004లో ప్రకటించింది. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆలస్యం అనగానే ఆసుపత్రి గుమ్మం నుంచి బెలూన్ దాకా పట్టే సమయాన్నే చాలాకాలం కొలిచారు. 90 నిమిషాలు దాటకూడదని గీత గీశారు. అమెరికాలో ఆ సమయం 2005-06లో సగటున 83 నిమిషాలు ఉండగా 2008-09 నాటికి 67కి దిగింది. ఆసుపత్రిలో మరణాలు మాత్రం 4.8 శాతం నుంచి 4.7కి మాత్రమే మారాయి. దాదాపు 97 వేల మంది వివరాలతో తేలిన ఈ ఫలితం చాలామందికి మింగుడుపడలేదు. గుమ్మం లోపల 16 నిమిషాలు ఆదా చేసినా గుమ్మం బయట గంటలు పోతుంటే కండరానికి ఒరిగేదేమీ లేదు. అసలు కొలత నొప్పి మొదలైన క్షణం నుంచి నాళం తెరుచుకునే దాకా గడిచిన మొత్తం కాలం.

మన దేశంలో ఆ గుమ్మం బయటి కాలం ఎంత పెద్దదో క్రియేట్ రిజిస్ట్రీ చూపించింది. 89 ఆసుపత్రుల్లో 20,937 మందిని నమోదు చేసిన ఈ అధ్యయనం 2008లో వెలువడింది. ఈసీజీలో ఎస్‌టీ రేఖ పైకి లేచిన (ఎస్‌టీ ఎలివేషన్) పెద్ద గుండెపోటు రోగులు నొప్పి మొదలయ్యాక ఆసుపత్రి చేరడానికి సగటున 300 నిమిషాలు పట్టింది. వారిలో యాంజియోప్లాస్టీ అందినవారు 8 శాతమే. అప్పటికీ ఇప్పటికీ యాంజియోప్లాస్టీ చేసే గదులు, అంటే క్యాథ్ ల్యాబులు, బాగా పెరిగాయి. 2005లో హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్సు, 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ తెలుగు ప్రాంతాల్లో ఖర్చు అడ్డంకినీ ప్రయాణపు అడ్డంకినీ కొంత తగ్గించాయి. కానీ మొదటి ఆలస్యం ఇంట్లోనే జరుగుతుంది. రాత్రి భోజనం అయ్యాక ఛాతీ పట్టేసినట్టు ఉంటుంది. గ్యాస్ అనుకుని సోడా తాగుతారు, వాము నములుతారు. చెమటలు పోస్తుంటే ఫ్యాను వేసుకుని పడుకుంటారు. తెల్లారాక దగ్గర్లోని ఆర్ఎంపీ గ్యాస్ ఇంజెక్షన్ వేస్తాడు, కాస్త తేలికైనట్టు అనిపిస్తుంది. మధ్యాహ్నం ఆయాసం మొదలయ్యాక బండి మాట్లాడుకుని జిల్లా కేంద్రానికి బయల్దేరతారు. ఈ వరుసలో ఎక్కడా ఈసీజీ లేదు. ఈసీజీ తీసేసరికి 14 గంటలు గడిచిపోయిన రోగికి ఎంత మంచి స్టెంట్ వేసినా పంపింగ్ 30 శాతం దగ్గరే ఆగిపోతే అది స్టెంట్ తప్పు కాదు.

మధుమేహం ఉన్నవారికి, పెద్ద వయసువారికి నొప్పి స్పష్టంగా తెలియకపోవచ్చు. ఆయాసం, వాంతి, నీరసం, దవడ లాగడం మాత్రమే ఉండొచ్చు. ఆడవాళ్ళలోనూ ఇలా జరిగే అవకాశం ఎక్కువ. వీరందరి ఆలస్యానికి ఇదొక కారణం.

క్యాథ్ ల్యాబు రెండు గంటల దూరంలో లేనప్పుడు ముందు దగ్గరి ఆసుపత్రిలోనే టెనెక్టిప్లేస్ లాంటి గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చి, ఆ తర్వాత పెద్ద ఆసుపత్రికి తరలించి యాంజియోగ్రామ్ తీసే పద్ధతి ఉంది. 2013లో వెలువడిన స్ట్రీమ్ పరిశోధనలో 1,892 మందిని చూశారు. ఇంజెక్షన్‌తో మొదలుపెట్టినవారి ఫలితాలు నేరుగా యాంజియోప్లాస్టీ చేసినవారికి దీటుగా ఉన్నాయి. అయితే 36 శాతం మందికి మందు పనిచేయక వెంటనే రెస్క్యూ యాంజియోప్లాస్టీ చేయాల్సి వచ్చింది. మెదడులో రక్తస్రావం కూడా కొంత ఎక్కువగా కనిపించడంతో, 75 ఏళ్ళు దాటినవారికి పరిశోధన మధ్యలోనే మోతాదు సగానికి తగ్గించారు. మారుమూల మండలాల నుంచి హైదరాబాద్, విశాఖపట్నం, తిరుపతి చేరాల్సిన రోగికి ఈ దారే ఆచరణసాధ్యం.

బల్ల మీదికి చేరేనాటి స్థితి

1967లో న్యూయార్క్ వైద్యులు థామస్ కిలిప్, జాన్ కింబాల్ 250 మంది గుండెపోటు రోగులను స్టెతస్కోపుతో పరీక్షించి నాలుగు తరగతులుగా విభజించారు. ఊపిరితిత్తుల్లో నీటి చప్పుడు లేనివారు మొదటి తరగతి. కొద్దిగా ఉన్నవారు రెండోది, ఊపిరితిత్తులు నీటితో నిండినవారు మూడోది, రక్తపోటు పడిపోయి చేతులూ కాళ్ళూ చల్లబడినవారు నాలుగోది. మరణాలు వరుసగా 6, 17, 38, 81 శాతం. అప్పటికి బెలూన్ లేదు, స్టెంట్ లేదు. ఇప్పుడు ప్రతి తరగతిలోనూ మరణాలు తగ్గాయి, మెట్ల వరుస మాత్రం చెక్కుచెదరలేదు. ఖర్చు లేని ఈ పరీక్ష ఇప్పటికీ ముప్పు అంచనాల్లో ముందు వరసలో ఉండటం విశేషమే.

నాలుగో తరగతి, అంటే కార్డియోజెనిక్ షాక్, పెద్ద గుండెపోటు వచ్చినవారిలో 5 నుంచి 10 శాతం మందిలో కనిపిస్తుంది. జుడిత్ హాక్‌మన్ నాయకత్వంలో 302 మందిపై జరిగిన షాక్ ట్రయల్ 1999లో ఒక మలుపు. నాళాన్ని వెంటనే తెరిచినా 30 రోజుల్లో 46.7 శాతం మంది చనిపోయారు. మందులతో నెట్టుకొచ్చినవారిలో అది 56 శాతం. ఆ తేడా గణాంకపరంగా నిలవలేదు. 6 నెలలకు మాత్రం 50.3, 63.1 శాతంగా తేడా స్పష్టమైంది. ఆ తర్వాత 600 మందితో 2012లో వచ్చిన పరిశోధన, అప్పటిదాకా ఆసుపత్రులు నమ్ముకున్న బృహద్ధమని బెలూన్ పంపు మరణాలను తగ్గించలేదని తేల్చింది. 2017లో కల్‌ప్రిట్-షాక్ పరిశోధన ఇంకో అలవాటును సరిదిద్దింది. షాక్‌లో ఉన్న రోగికి కనిపించిన బ్లాకులన్నీ ఒకేసారి తెరవడం కంటే, గుండెపోటుకు కారణమైన ఒక్క నాళాన్ని తెరిచి ఆగడమే మేలని 706 మందిలో తేలింది. 30 రోజుల మరణాలు 51.6 శాతం నుంచి 43.3 శాతానికి తగ్గాయి. 2024లో డాంజర్ షాక్ పరిశోధనలో, జాగ్రత్తగా ఎంపిక చేసిన రోగులకు గుండె లోపల అమర్చే చిన్న పంపుతో 180 రోజుల మరణాలు 58.5 నుంచి 45.8 శాతానికి దిగాయి. రక్తస్రావం, కాలికి రక్తప్రసరణ తగ్గడం, మూత్రపిండాలు దెబ్బతినడం ఆ పంపుతో పెరిగాయి కూడా. ఇంత చేసినా షాక్‌లో చేరినవారిలో దాదాపు సగం మంది బతకరు. చేరే సమయానికి పై రక్తపోటు 100 కంటే తక్కువ, నాడి 100 కంటే ఎక్కువ ఉంటే షాక్ పొంచి ఉందని అనుకోవాలి.

ఏ నాళం మూసుకుందన్నదీ ముఖ్యమే. ఎడమ జఠరిక ముందు గోడకు రక్తమిచ్చే ఎల్ఏడీ ధమని మొదట్లోనే మూసుకుంటే పోయే కండరం ఎక్కువ. గుండె వైఫల్యం, జఠరిక కొసన గడ్డ కట్టడం, ఆ గడ్డ తెగి మెదడుకు చేరి పక్షవాతం రావడం ఇలాంటివారిలో ఎక్కువ. ఎడమ ప్రధాన ధమని మూసుకుంటే చాలామంది ఆసుపత్రి దాకా రారు. కింది గోడ గుండెపోటు మొత్తం మీద మెరుగే కాని దాని చిక్కులు దానికున్నాయి. దాదాపు 90 శాతం మందిలో, గుండె విద్యుత్ సంకేతాన్ని జఠరికలకు అందించే ఏవీ నోడ్‌కు రక్తం కుడి కరొనరీ నుంచే వస్తుంది కాబట్టి, అది మూసుకుంటే పూర్తి హార్ట్ బ్లాక్ రావచ్చు, తాత్కాలిక పేస్‌మేకర్ అవసరం పడొచ్చు. కుడి జఠరిక కూడా దెబ్బతిన్నప్పుడు రక్తపోటు సిరల నుంచి వచ్చే రక్తం మీదే నిలబడుతుంది. నాలుక కింద నైట్రేట్ బిళ్ళ పెడితే ఒక్కసారిగా కుప్పకూలవచ్చు. అందుకే కింది గోడ గుండెపోటులో ఛాతీ కుడివైపు కూడా ఈసీజీ తీయాలన్న నియమం. రద్దీలో అది చాలా చోట్ల మరుగున పడుతుంది.

రోగి వయసు, పాత జబ్బులు

వయసుతో ముప్పు పెరగడం అన్ని అధ్యయనాల్లోనూ కనిపించేదే. దక్షిణాసియా వాసుల ప్రత్యేకత గుండెపోటు తొందరగా రావడం. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం ప్రకారం తొలి గుండెపోటు సగటు వయసు దక్షిణాసియాలో 53, మిగతా చోట్ల 58.8. వయసు తక్కువ కాబట్టి తొలి నెలలో బతికే అవకాశం మెరుగు. కాని బలహీనపడిన గుండెతో గడపాల్సిన ఏళ్ళు ఎక్కువ. కౌలు చేసుకునే 45 ఏళ్ళ రైతుకు పంపింగ్ 35 శాతం దగ్గర ఆగిపోతే జీవనోపాధే పోతుంది.

మధుమేహం రెండు రకాలుగా దెబ్బతీస్తుంది. నాళాలను పొడవునా సన్నగిల్లజేసి స్టెంట్‌కు అనువైన చోటు లేకుండా చేస్తుంది. పెద్ద నాళం తెరిచినా కంటికి కనిపించని చిన్న నాళాల్లో రక్తం పారనివ్వదు. క్రియేట్‌లో నమోదైనవారిలో 30.4 శాతం మందికి మధుమేహం ఉంది. మధుమేహం లేనివారిలో కూడా చేరినప్పుడు చక్కెర బాగా ఎక్కువగా ఉండటం చెడు సూచనే. అది శరీరం పడుతున్న ఒత్తిడికి గుర్తు.

మూత్రపిండాల జబ్బు ఉన్నవారిలో గుండె మరణాలు, రక్తస్రావం, స్టెంట్‌లో గడ్డ అన్నీ ఎక్కువే. యాంజియోగ్రామ్‌కు వాడే డై వారి మూత్రపిండాలను ఇంకా కుంగదీయవచ్చు. ముందే తెలిసిన రోగికైతే సెలైన్ ఎక్కించి సిద్ధం చేస్తారు, అత్యవసరంలో ఆ తీరిక ఉండదు. ఉద్దానంలాంటి చోట్ల, కారణం తెలియని మూత్రపిండాల జబ్బు పాతుకుపోయిన పల్లెల నుంచి వచ్చే రోగి విషయంలో క్రియాటినిన్ ఫలితం కోసం ఎదురుచూడకుండానే డై పొదుపుగా వాడటం వివేకం. రక్తహీనత కూడా తేలిగ్గా తీసుకోదగ్గది కాదు.

పొగతాగేవారి గురించి ఒక వింత లెక్క ఉంది. కొన్ని అధ్యయనాల్లో వారే మెరుగ్గా బయటపడినట్టు కనిపించింది. కారణం పొగాకు మహిమ కాదు. పొగతాగేవారికి గుండెపోటు పదేళ్ళు ముందే వస్తుంది. ఆ వయసు తేడాను, తక్కువగా ఉండే ఇతర జబ్బులను లెక్కలోకి తీసుకుంటే ఆ మేలు చాలావరకు కరిగిపోతుంది.

క్యాథ్ ల్యాబులో

నాళం తెరిచాక రక్తం ఎలా పారుతోందో 0 నుంచి 3 దాకా టిమి అంకెలతో చెబుతారు. 3 అంటే మామూలు ప్రవాహం. 3 రాకుండా ముగిసిన చికిత్స ముప్పును బాగా పెంచుతుంది. ఒక్కోసారి తెర మీద నాళం చక్కగా తెరుచుకున్నట్టే ఉంటుంది, రంగు మాత్రం ముందుకు కదలదు. దీన్ని నో-రీఫ్లో అంటారు. 1974లో రాబర్ట్ క్లోనర్ బృందం కుక్కల గుండెల్లో దీన్ని వివరించింది. చిన్న నాళాల గోడలు వాచిపోవడం, గడ్డ తునకలు కొట్టుకుపోయి అడ్డుపడటం దీనికి కారణాలు. ఆలస్యంగా వచ్చినవారిలో, పెద్ద గడ్డ ఉన్నవారిలో, మధుమేహులలో ఇది ఎక్కువ. కండరానికి నిజంగా రక్తం అందిందా అనడానికి చౌకైన గుర్తు ఈసీజీలోనే దొరుకుతుంది. గంట, గంటన్నరలో ఎస్‌టీ 70 శాతమైనా కిందికి దిగితే మంచిది. దిగకపోతే తెర మీద నాళం ఎంత అందంగా కనిపించినా సంతోషించడానికి లేదు.

గడ్డను ముందే పీల్చి తీసేస్తే నో-రీఫ్లో తగ్గుతుందన్నది తర్కానికి నిలిచిన ఆలోచన. కాని 7,244 మందితో జరిగిన టేస్ట్, 10,732 మందితో జరిగిన టోటల్ పరిశోధనల్లో అందరికీ అలా చేయడం వల్ల ప్రయోజనం కనిపించలేదు. రెండోదానిలో పక్షవాతం కాస్త పెరిగింది కూడా.

గుండెపోటు రోగుల్లో దాదాపు సగం మందికి ఒకటి కంటే ఎక్కువ నాళాల్లో బ్లాకులుంటాయి. షాక్ లేని రోగుల్లో ఆ మిగిలిన బ్లాకులను కూడా తర్వాత తెరవడం మంచిదని 4,041 మందితో 2019లో వచ్చిన కంప్లీట్ పరిశోధన చూపింది. 3 ఏళ్ళలో గుండె మరణం లేదా మరో గుండెపోటు 10.5 నుంచి 7.8 శాతానికి తగ్గింది. మిగిలిన బ్లాకులు అలాగే ఉండిపోవడం ఒక ముప్పు, షాక్‌లో ఉన్నవాడికి అన్నీ ఒకేసారి తెరవబూనడం మరో ముప్పు. ఈ రెండింటి మధ్య తేడా పాటించడంలోనే వైద్యుడి అనుభవం తెలుస్తుంది.

గొట్టం ఏ దారిన వెళ్ళిందన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. 2012లో 1,001 మందిపై జరిగిన రైఫిల్-స్టియాక్స్ పరిశోధనలో గుండె మరణాలు తొడ దారిలో 9.2 శాతం, మణికట్టు దారిలో 5.2 శాతం. కారణం రక్తస్రావం. రక్తం పలచబరిచే మందులు మూడు నాలుగు ఒకేసారి నడుస్తున్న రోగికి తొడలో రక్తం కారితే రక్తపోటు పడిపోతుంది, మందులు ఆపాల్సివస్తుంది, ఆపితే స్టెంట్ మూసుకుంటుంది. తక్కువ బరువు, పెద్ద వయసు, ఆడవారు కావడం, మూత్రపిండాల జబ్బు ఉన్నప్పుడు ఈ గొలుసు తేలిగ్గా మొదలవుతుంది. తీగ గుచ్చుకుని నాళానికి చిల్లు పడటం, గుండె చుట్టూ ఉన్న సంచిలో రక్తం చేరి గుండెను నొక్కేయడం అరుదు. వచ్చినప్పుడు నిమిషాల్లో స్పందించాలి.

స్టెంట్‌లో గడ్డ

మొదటి 24 గంటల్లో వచ్చేది అక్యూట్, 30 రోజుల లోపు సబ్‌అక్యూట్, ఏడాది లోపు లేట్, ఆ తర్వాత వెరీ లేట్ అని 2007 నుంచి అంతర్జాతీయంగా ఒకే వర్గీకరణ వాడుతున్నారు. గుండెపోటు మధ్యలో వేసిన స్టెంట్‌కు ఈ ముప్పు ఎప్పుడూ ఎక్కువే. నాళం బిగుసుకుపోయి ఉన్నప్పుడు కొలత తక్కువగా అనిపించి చిన్న స్టెంట్ వేస్తారు. బిగువు వదిలాక అది గోడకు ఆనదు. స్టెంట్ పూర్తిగా విచ్చుకోకపోవడం, అంచున నాళం పొర చీలి ఉండటం, సన్నని నాళంలో పొడవాటి స్టెంట్, రెండు కొమ్మలు కలిసేచోట రెండు స్టెంట్లు, తగ్గిన పంపింగ్ ఇవన్నీ కారణాలే.

మందు పనిచేయకపోవడం మరో కారణం. క్లోపిడోగ్రెల్ మింగిన రూపంలో పనిచేయదు. కాలేయంలోని ఒక ఎంజైము దాన్ని మార్చాలి. ఆ ఎంజైము మందకొడిగా ఉండే జన్యురూపం దక్షిణాసియాలో తక్కువేమీ కాదు. ప్రాసుగ్రెల్, టికాగ్రెలార్ ఈ ఇబ్బందిని దాటతాయి. 13,608 మందితో 2007లో వచ్చిన ట్రైటన్ పరిశోధనలో స్టెంట్‌లో గడ్డ క్లోపిడోగ్రెల్‌తో 2.4 శాతం, ప్రాసుగ్రెల్‌తో 1.1 శాతం. పాత పక్షవాతం ఉన్నవారికి మాత్రం ప్రాసుగ్రెల్ ఇవ్వకూడదు. 60 కిలోల లోపు బరువున్నవారికీ, 75 ఏళ్ళు దాటినవారికీ జాగ్రత్త కావాలి. నొప్పికి ఇచ్చే మార్ఫిన్, వాంతులు కూడా ఈ బిళ్ళలు ఒంటికి పట్టడాన్ని ఆలస్యం చేస్తాయి.

మేలు చేయబోయి కీడు తెచ్చిన మందూ ఒకటుంది. చైనాలో 45,852 మందిపై జరిగిన కమిట్ పరిశోధన 2005లో వచ్చింది. గుండెపోటు రోగులకు మొదటి రోజే నరంలోకి మెటోప్రొలాల్ ఎక్కిస్తే మళ్ళీ గుండెపోటు, ప్రాణాంతక లయ దోషాలు కొంత తగ్గాయి. షాక్ మాత్రం 3.9 నుంచి 5 శాతానికి పెరిగింది. 70 ఏళ్ళు దాటినవారు, రక్తపోటు 120 కంటే తక్కువ, నాడి 110 కంటే ఎక్కువ ఉన్నవారు ఆ నష్టానికి ఎక్కువగా గురయ్యారు.

లయ దోషాలు, చిరిగిన గోడలు

ప్రైమరీ యాంజియోప్లాస్టీ రోగులు 5,745 మంది ఉన్న అపెక్స్-ఏఎంఐ పరిశోధనలో జఠరికల తీవ్ర లయ దోషాలు 5.7 శాతం మందిలో వచ్చాయి. నాళం తెరుచుకున్న క్షణాల్లో వచ్చే నెమ్మదైన జఠరిక లయ నిరపాయం. దానికి మందు అక్కర్లేదు. చికిత్స ముగిసి గంటలు గడిచాక వచ్చేవాటికి అర్థం వేరు. పెద్ద మచ్చ, సరిగా అందని రక్తం, తగ్గిన పొటాషియం లాంటివి వెతకాలి. పంపింగ్ 35 శాతం లోపే ఉన్నా, ప్రాణాంతక లయను విద్యుత్ షాక్‌తో సరిచేసే ఐసీడీ యంత్రాన్ని వెంటనే అమర్చరు. మొదటి 40 రోజుల్లో దాని వల్ల బతికే అవకాశం పెరగలేదని 2004లో డైనమిట్ పరిశోధన తేల్చింది.

చచ్చిన కండరం మెత్తబడి చిరగడం ఇప్పుడు 1 శాతం లోపు మందిలోనే. జఠరిక బయటి గోడ చిరిగితే నిమిషాల్లో ప్రాణం పోతుంది. మధ్య గోడకు రంధ్రం పడవచ్చు, మైట్రల్ కవాటాన్ని పట్టి ఉంచే పాపిల్లరీ కండరం తెగవచ్చు. వెనకవైపు పాపిల్లరీ కండరానికి ఒకే ధమని నుంచి రక్తం అందుతుంది కాబట్టి చిన్న కింది గోడ గుండెపోటులో కూడా అది తెగే ప్రమాదం ఉంది. మొదటి 24 గంటలు, మళ్ళీ 3 నుంచి 5 రోజుల మధ్య వీటికి అదను. పెద్ద వయసు, ఆడవారు, అదే తొలి గుండెపోటు కావడం, ఆలస్యంగా చేరడం ముప్పును పెంచుతాయి. నాలుగో రోజు కొత్తగా ఆయాసం, కొత్త గుండె శబ్దం వినిపిస్తే వెంటనే ఎకో తీయాలి.

అత్యవసర బైపాస్

నాళాలు స్టెంట్‌కు లొంగనివిగా ఉన్నప్పుడు, యాంజియోప్లాస్టీ విఫలమైనప్పుడు, గోడ చిరిగినప్పుడు శస్త్రచికిత్స తప్పదు. ముందుగా నిర్ణయించిన బైపాస్‌తో పోలిస్తే ముప్పు చాలా ఎక్కువ. షాక్, గుండెపోటు వచ్చిన తొలి గంటలు, తగ్గిన పంపింగ్, మూత్రపిండాల జబ్బు, ఇదివరకే ఒకసారి బైపాస్ జరిగి ఉండటం ప్రధాన కారణాలు. అప్పుడే మింగిన రక్తం పలచబరిచే బిళ్ళ పెద్ద ఇబ్బంది. తీరిక ఉంటే టికాగ్రెలార్ ఆపి 3 రోజులు, క్లోపిడోగ్రెల్ ఆపి 5, ప్రాసుగ్రెల్ ఆపి 7 రోజులు ఆగుతారు. అత్యవసరంలో ఆగలేరు, రక్తం ఆగదు. ఛాతీ లోపలి ధమనిని విడదీసి కలపడానికి సమయం పడుతుంది కాబట్టి తొందరలో కాలి సిరలతోనే సరిపెట్టాల్సి రావచ్చు. అవి ఆ ధమని అంతకాలం మన్నవు. ఆపరేషన్ తర్వాత దాదాపు మూడో వంతు మందిలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ వస్తుంది.

అంచనా కొలతలు

ఈ కారణాలన్నిటినీ అంకెల్లో పెట్టే ప్రయత్నాలు చాలా జరిగాయి. 2000లో డేవిడ్ మారో బృందం తయారుచేసిన టిమి స్కోరు 14 మార్కులది. సున్నా వచ్చినవారిలో 30 రోజుల మరణాలు 0.8 శాతం, 8 దాటినవారిలో 35.9 శాతం. వయసు, రక్తపోటు, నాడి, కిలిప్ తరగతి, ముందు గోడ, 4 గంటలు దాటిన ఆలస్యంతో పాటు 67 కిలోల లోపు బరువుకు కూడా ఇందులో ఒక మార్కు ఉంది. మన జనరల్ ఆసుపత్రి వార్డులో ఆ బరువు దాటనివారు ఎందరో. పాశ్చాత్య రోగులే ఎక్కువగా ఉన్న సమూహం మీద కట్టిన కొలతను ఇక్కడ అలాగే పెడితే ముప్పు అవసరానికి మించి కనిపించవచ్చు. గ్రేస్ స్కోరు క్రియాటినిన్‌ను, ట్రోపోనిన్‌ను కూడా కలుపుతుంది. ప్రైమరీ యాంజియోప్లాస్టీ రోగుల కోసమే పుట్టిన జ్వోలె స్కోరు నాళం తెరిచాక వచ్చిన ప్రవాహాన్ని లెక్కిస్తుంది. తక్కువ మార్కులు వచ్చినవారిని రెండు మూడు రోజుల్లో ఇంటికి పంపడానికి అది పనికొస్తుంది.

ఇంటికి చేరాక

ఆసుపత్రి వదిలాక మిగిలే ముప్పుల్లో పూర్తిగా మన చేతిలో ఉన్నది మందులు మానడం. 2,229 మందిని గమనించి 2005లో ప్రచురించిన ఒక అధ్యయనంలో స్టెంట్‌లో గడ్డ కట్టడానికి అన్నిటికంటే బలమైన కారణం బిళ్ళలు మధ్యలో ఆపేయడమే. గడ్డ కట్టినవారిలో 45 శాతం మంది చనిపోయారు. ఇక్కడ మానడానికి చెప్పే కారణాలు అందరికీ తెలిసినవే: ఒళ్ళు వేడి చేసింది, నొప్పి లేదు కదా, నెలకింత ఖర్చా, ఊళ్ళో ఆకు మందు ఇస్తున్నారు, పన్ను పీకేముందు ఆపమన్నారు. గుండెపోటు తర్వాత ఆస్పిరిన్‌తో పాటు రెండో బిళ్ళను మామూలుగా 12 నెలలు వాడాలి. రక్తస్రావం ముప్పు ఎక్కువున్నవారికి దాన్ని తగ్గించవచ్చు, ఆ నిర్ణయం వైద్యుడిది. ఒంటి నొప్పులకు మందుల దుకాణంలో అడిగి కొనుక్కునే డైక్లోఫెనాక్ లాంటివి ఈ ఏడాది దరిచేరనీయకూడదు. ఆరు వారాలు దాటాక ఎకో మళ్ళీ తీయించుకోవాలి, ఐసీడీ అవసరమా అన్నది అప్పుడే తేలుతుంది. పంటి డాక్టరు చెప్పినా, కంటి ఆపరేషన్ ముందు చెప్పినా, స్టెంట్ వేసిన వైద్యుణ్ణి అడగకుండా ఆ రెండు బిళ్ళల్లో ఏదీ ఒక్క పూట కూడా ఆపవద్దు.